హాస్టల్ రౌటర్ డైరీ: 100 ఎంబీపీఎస్, 45 మంది, ఒక చిన్న మైక్రోటిక్

స్థలం: అమీర్‌పేటలో మూడంతస్తుల హాస్టల్. 45 మంది, సుమారు 110 పరికరాలు. లైను 100/100 ఎంబీపీఎస్ ఫైబర్, పీపీపీఓఈ లాగిన్ (యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో లైను ఎక్కే పద్ధతి). ఫిర్యాదు ఒక్కటే: రాత్రి తొమ్మిది దాటితే వీడియో కాల్ ముక్కలు ముక్కలవుతుంది, స్పీడ్ టెస్ట్ మాత్రం 80 పైనే చూపిస్తుంది. ఇలాంటి చోట ప్లాను పెంచడం డబ్బు దండగ. ముందు ప్యాకెట్ల (నెట్‌లో పోయే డేటా ముక్కల) వరుస ఎక్కడ పేరుకుంటోందో చూడాలి.

సరంజామా

- మైక్రోటిక్ కంపెనీ చిన్న రౌటర్ హెక్స్, ఆర్‌బీ750జీఆర్3 మోడల్: 880 మెగాహెర్ట్జ్ డ్యూయల్ కోర్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, ఐదు గిగాబిట్ పోర్టులు
- రౌటర్‌ఓఎస్ 7 (రౌటర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్). పాత 6లో కేక్ క్యూ (ప్యాకెట్ల వరుసని నడిపే పద్ధతి, దశ 4లో వస్తుంది) లేదు కాబట్టి 7 తప్పనిసరి
- బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించిన (అంటే తను రౌటర్‌గా పని చేయకుండా లైనుని దాటించేసే) ఫైబర్ డబ్బా
- అంతస్తుకొకటి చొప్పున మూడు పాత వైఫై రౌటర్లు, ఒక మామూలు 8 పోర్టుల స్విచ్
- సీసీటీవీ రికార్డర్
- కొలవడానికి వైరుతో కలిపిన ల్యాప్‌టాప్. వైఫై మీద తీసిన కొలతలు ఈ డైరీలో చివరి దశలో తప్ప లెక్కలోకి రావు

దశ 0: కదపకముందు కొలత

1. ల్యాప్‌టాప్ నేరుగా ఫైబర్ డబ్బాకి కలిపి పీపీపీఓఈ డయల్ చేయాలి.
2. ఒక కిటికీలో 1.1.1.1కి పింగ్ (చిన్న ప్యాకెట్ వెళ్లి రావడానికి పట్టే సమయం కొలిచేది) ఆగకుండా నడపాలి.
3. రెండో కిటికీలో పెద్ద ఫైలు డౌన్‌లోడ్ పెట్టి ఒక నిమిషం చూడాలి. తర్వాత ఒక నిమిషం అప్‌లోడ్.
4. ఇదే మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిదిన్నరకి ఒకసారి.

లెక్క: పింగ్ ఖాళీగా 6 మి.సె. (మిల్లీసెకన్లు). డౌన్‌లోడ్ నిండినప్పుడు 190. అప్‌లోడ్ నిండినప్పుడు 320. వేగం (డౌన్‌లోడ్/అప్‌లోడ్) మధ్యాహ్నం 97/96, రాత్రి 83/95.

స్పీడ్ టెస్ట్‌లో చివర వచ్చే పెద్ద అంకె ఇక్కడ పనికిరాదు. పని చేసేది ఆ 190, 320లే. ఎక్కడో ఒక పెట్టెలో 1 ఎంబీ బఫర్ (ప్యాకెట్లు ఆగే చోటు) నిండిందనుకుంటే, 100 ఎంబీపీఎస్ లైను మీద అది ఖాళీ కావడానికి 80 మి.సె. పడుతుంది. రెండు నుంచి నాలుగు ఎంబీలు పేరుకుంటే పైన చూసిన అంకెలే వస్తాయి. ఆ బఫర్లు నెట్ వాళ్ల పరికరాల్లోనో ఫైబర్ డబ్బాలోనో ఉంటాయి. వాటి మీద మన చెయ్యి పడదు. వరుసని అక్కణ్నించి లాక్కొచ్చి మన రౌటర్లో కట్టించడమే, అంటే లైను వేగం కంటే కాస్త తక్కువ హద్దు ఇక్కడే పెట్టడమే, మొత్తం పని.

రాత్రి 83 అనే అంకెని మర్చిపోవద్దు. దశ 5లో అదే ఇబ్బంది పెడుతుంది.

దశ 1: లైను ఎక్కించడం

విన్‌బాక్స్‌తో (మైక్రోటిక్ సెట్టింగుల ప్రోగ్రాం) రౌటర్ చిరునామా 192.168.88.1కి లాగిన్ అయ్యాక అన్నిటికంటే ముందు సేఫ్ మోడ్ బటన్ నొక్కాలి. ఏదైనా మార్పు వల్ల కనెక్షన్ తెగితే ఆ సెషన్లో చేసినవన్నీ రౌటరే వెనక్కి తీసుకుంటుంది. పని అయ్యాక సేఫ్ మోడ్ ఆపి బయటికి రావాలి, లేకపోతే సరిగ్గా చేసినవీ పోతాయి.

1. ఈథర్1 (ఫైబర్ డబ్బా వైరు వచ్చే మొదటి పోర్టు) మీద పీపీపీఓఈ క్లయింట్, యూజర్ నేమ్, పాస్‌వర్డ్.
2. ఇంటర్‌ఫేస్ లిస్టులో కొత్తగా పుట్టిన పీపీపీఓఈ-అవుట్1ని వ్యాన్ (బయటి నెట్ వైపు) జాబితాలో చేర్చడం.
3. అప్పటికే ఈథర్1 మీద ఉన్న డీహెచ్‌సీపీ (చిరునామాలు వాటంతటవే పంచే పద్ధతి) క్లయింట్‌ని ఆపడం.

రెండోది చాలామంది వదిలేస్తారు. వదిలేస్తే లక్షణం ఇలా ఉంటుంది: రౌటర్ టెర్మినల్ నుంచి పింగ్ వెళ్తుంది, ఏ ఫోన్‌లోనూ నెట్ రాదు. కారణం, డిఫాల్ట్ మాస్కరేడ్ రూల్ (లోపలి చిరునామాలని బయటి చిరునామాగా మార్చేది, ఈ మార్పునే న్యాట్ అంటారు) వ్యాన్ జాబితాని చూసి పని చేస్తుంది. ఆ జాబితాలో ఈథర్1 ఉంది గానీ అసలు ట్రాఫిక్ పోతున్న పీపీపీఓఈ ఇంటర్‌ఫేస్ లేదు. లోపలి చిరునామాలు మారకుండానే బయటికి పోతాయి, జవాబు రాదు.

పీపీపీఓఈ హెడర్ 8 బైట్లు తింటుంది కాబట్టి ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1492. పరీక్షకి ల్యాప్‌టాప్ నుంచి డీఎఫ్ బిట్ (ప్యాకెట్‌ని ముక్కలు చేయొద్దనే గుర్తు) పెట్టి 1464 బైట్ల (మిగతా 28 హెడర్లవి) పింగ్ పంపితే వెళ్లాలి, 1465 ఆగాలి. పింగ్ ఫలితం ఏదైనా, పీపీపీఓఈ ప్రొఫైల్‌లో టీసీపీ ఎంఎస్ఎస్ (కనెక్షన్‌లో ఒక్కో ముక్క సైజు) మార్పు ‘యస్’ అని ఉందో లేదో చూడండి. అది లేకపోతే కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని తెల్ల పేజీ దగ్గరే నిలబడిపోతాయి. జనం దీన్ని డీఎన్ఎస్ (సైటు పేరుని అంకెల చిరునామాగా విప్పే సేవ) సమస్య అనుకుని రోజులు తగలేస్తారు.

పీపీపీఓఈకి వచ్చిన చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే నెట్ వాళ్ల దగ్గర ఇంకో న్యాట్ ఉన్నట్టే. సీసీటీవీకి పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి నేరుగా లోపలికి వచ్చే దారి) ఆశ అక్కడితో వదులుకోవాలి.

లెక్క: 6 / 190 / 320, అంటే ఏమీ మారలేదు. మారకూడదు కూడా, వరుస ఇంకా బయటే ఉంది.

దశ 2: డీహెచ్‌సీపీ, వైఫై పెట్టెలు

డిఫాల్ట్ పూల్ (పంచడానికి ఉన్న చిరునామాలు) 192.168.88.10 నుంచి 192.168.88.254 వరకు. 110 పరికరాలకి సరిపోయేలా కనిపిస్తుంది. కానీ ఇప్పటి ఫోన్లు నెట్‌వర్క్‌కొక రాండమ్ మ్యాక్ (పరికరం గుర్తింపు సంఖ్య) వాడతాయి. మూడు వైఫై పేర్లుంటే ఒకే ఫోన్ మూడు లీజులు (కొంత సమయానికి ఇచ్చే చిరునామాలు) తీసుకోగలదు. అందుకని రెండు మార్పులు: అన్ని అంతస్తుల్లో ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్, చిరునామాల పరిధి /24 నుంచి /23కి, అంటే రెట్టింపుకి, పెంచడం.

1. ఐపీ → అడ్రసెస్: 192.168.88.1/23
2. ఐపీ → పూల్: 192.168.88.20 నుంచి 192.168.89.250
3. ఐపీ → డీహెచ్‌సీపీ సర్వర్ → నెట్‌వర్క్స్: 192.168.88.0/23, గేట్‌వే, డీఎన్ఎస్ రెండూ 192.168.88.1
4. లీజు సమయం 2 గంటలు
5. 88.2 నుంచి 88.19 వరకు వైఫై పెట్టెలకి, రికార్డర్‌కి, ప్రింటర్‌కి స్థిర చిరునామాలు

పై మూడో అంశంలో /24 అలాగే ఉండిపోతే సగం మందికి నెట్ వస్తుంది, సగం మందికి ‘కనెక్టెడ్, ఇంటర్నెట్ లేదు’ అని వస్తుంది. 192.168.89తో మొదలయ్యే చిరునామా ఆ ఎంట్రీ పరిధిలోకి రాదు. అది పడిన ఫోన్‌కి గేట్‌వే (బయటికి పోయే దారి) దొరకదు. కొత్తగా కలిసినవాళ్లకే సమస్య వస్తోంది, పాతవాళ్లకి లేదు అంటే ఇదేనేమో ముందు చూడండి.

ఇంతకంటే పెద్ద తప్పు వైఫై పెట్టెల దగ్గర దొరికింది. లీజుల జాబితాలో 45 మంది ఉన్న సమయంలో ఐదే ఐదు ఎంట్రీలు: మూడు పెట్టెలు, రికార్డర్, ప్రింటర్. ప్రతి పెట్టెకీ వైరు వ్యాన్ పోర్టులో గుచ్చి ఉంది, లోపల దాని సొంత న్యాట్ నడుస్తోంది. అంటే మన రౌటర్ కంటికి అంతస్తు మొత్తం ఒకే మనిషి. ఇలా ఉంటే పై నుంచి ఎంత గొప్ప బ్యాండ్‌విడ్త్ పంపకం పెట్టినా అది మనుషుల మధ్య జరగదు, అంతస్తుల మధ్య జరుగుతుంది.

1. పెట్టె సెట్టింగుల్లో ముందు ల్యాన్ (లోపలి నెట్) చిరునామా 88.2, 88.3, 88.4గా మార్చడం.
2. దాని డీహెచ్‌సీపీ సర్వర్ ఆపడం.
3. ఆ తర్వాతే వైరు వ్యాన్ నుంచి తీసి ల్యాన్ పోర్టులో పెట్టడం.

వరుస తప్పితే, అంటే డీహెచ్‌సీపీ ఆపకముందే వైరు మారిస్తే, రెండు సర్వర్లు పోటీ పడి చిరునామాలు పంచుతాయి. రేపు ఎవరైనా గదిలో సొంత రౌటర్ తెచ్చి గుచ్చినా జరిగేది ఇదే. డీహెచ్‌సీపీ సర్వర్ మెనూలో అలర్ట్ పెట్టుకుంటే కొత్త సర్వర్ కనిపించగానే లాగ్‌లో దాని మ్యాక్ పడుతుంది. బ్రిడ్జ్‌లో (రౌటర్ లోపలి వైపు పోర్టులన్నీ కలిపిన జట్టు) డీహెచ్‌సీపీ స్నూపింగ్ (దొంగ సర్వర్లని అడ్డుకునేది) కూడా ఉంది గానీ ఇక్కడ పెట్టలేదు: ఈ చిప్ మీద అది హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్‌ని (పోర్టుల మధ్య ట్రాఫిక్‌ని చిప్పే మోసే సదుపాయాన్ని) పోగొడుతుంది, పైగా ఒకే మామూలు స్విచ్ మీద ఉన్న ఇద్దరి మధ్య అది అడ్డు రాలేదు.

లెక్క: లీజులు 5 నుంచి 104కి. పింగ్ 6 / 190 / 320, ఇంకా అంతే.

దశ 3: డీఎన్ఎస్, గడియారం

రౌటర్నే డీఎన్ఎస్ క్యాష్‌గా వాడుకోవడం మంచిదే. ‘అలౌ రిమోట్ రిక్వెస్ట్స్’ (వేరే పరికరాల డీఎన్ఎస్ ప్రశ్నలకి రౌటర్ జవాబివ్వడం) పెట్టగానే ఒకటి సరిచూడాలి: ఫైర్‌వాల్ ఇన్‌పుట్ చైన్‌లో (రౌటర్‌కే వచ్చే ట్రాఫిక్ రూల్స్) ల్యాన్ జాబితా నుంచి రానివాటిని డ్రాప్ చేసే రూల్ బతికే ఉందా? అది లేకపోతే డీఎన్ఎస్ నడిచే 53వ పోర్టు లోకమంతటికీ తెరుచుకుంటుంది. ఎవరిదో దాడికి మన అప్‌లోడ్ ఖర్చవుతుంది.

డీఎన్ఎస్‌ని హెచ్‌టీటీపీఎస్ మీద నడిపి సర్టిఫికెట్ సరిచూడమంటే ఒక చిక్కుముడి పడుతుంది. హెక్స్‌లో బ్యాటరీ గడియారం లేదు. కరెంటు పోయి వచ్చాక పాత తేదీతో లేవొచ్చు. ఆ తేదీ సర్టిఫికెట్ చెల్లుబాటు మొదలైన రోజు కంటే ముందుంటే సర్టిఫికెట్ చెల్లదు, కాబట్టి డీఎన్ఎస్ పని చేయదు. టైమ్ సర్వర్‌ని పేరుతో రాసి ఉంటే ఆ పేరు విప్పడానికి డీఎన్ఎస్ కావాలి. డీఎన్ఎస్‌కి టైమ్ కావాలి, టైమ్‌కి డీఎన్ఎస్ కావాలి.

విప్పే దారి తేలిక: ఎన్‌టీపీ (టైమ్ తెచ్చుకునే) క్లయింట్‌లో పేర్లకి బదులు అంకెలు. గూగుల్ టైమ్ సర్వర్లు 216.239.35.0, 216.239.35.4. టైమ్ జోన్ ఏషియా/కోల్‌కతా.

కొన్ని టీవీ బాక్సులు గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8నే పట్టుకుని కూర్చుంటాయి. వాటి 53 ట్రాఫిక్‌ని డీఎస్‌టీ-న్యాట్‌తో (గమ్యం చిరునామా మార్చే రూల్) రౌటర్‌కి తిప్పొచ్చు, యూడీపీ, టీసీపీ రెండింటికీ చెరొక రూల్. ఆండ్రాయిడ్ ప్రైవేట్ డీఎన్ఎస్ మామూలుగా 853 మీద పోతుంది, దీనికి చిక్కదు. చిక్కకపోయినా మన పనికి నష్టం లేదు.

దశ 4: క్యూలు

మొదటి ప్రయత్నం: ఒక సింపుల్ క్యూ (వేగానికి హద్దు పెట్టే మైక్రోటిక్ సెట్టింగు), టార్గెట్ 192.168.88.0/23, మ్యాక్స్ లిమిట్ రెండు వైపులా 92 ఎం (ఎంబీపీఎస్). ఫలితం సున్నా. పింగ్ 185. క్యూ కౌంటర్లో కొన్ని కేబీలు తప్ప ఏమీ లేదు.

కారణం ఫాస్ట్‌ట్రాక్. డిఫాల్ట్ ఫైర్‌వాల్‌లో ఉండే ఆ రూల్, ఒకసారి కుదిరిన కనెక్షన్ల ప్యాకెట్లని సింపుల్ క్యూలని తాకనివ్వకుండా దగ్గర దారిలో పంపేస్తుంది. వేగం కోసం పెట్టిందే అది. క్యూలు కావాలంటే తీసేయాలి.

1. ఐపీ → ఫైర్‌వాల్ → ఫిల్టర్ రూల్స్‌లో ఫాస్ట్‌ట్రాక్ రూల్ డిజేబుల్.
2. రీబూట్. చేయకపోతే అప్పటికే దగ్గర దారి పట్టిన కనెక్షన్లు అక్కడే ఉంటాయి, పరీక్ష తప్పుడు ఫలితం ఇస్తుంది.

రెండో ప్రయత్నం: పీసీక్యూ, అంటే ఒక్కో చిరునామాకి సమాన వాటా ఇచ్చే క్యూ. 92ని 45తో భాగిస్తే అందరూ ఒకేసారి లాగినా మనిషికి 2 ఎంబీపీఎస్ పైమాటే. 2023లో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ అనడానికి కనీస వేగం 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కి పెంచింది. సరిగ్గా ఆ గీత మీద నిలబడ్డాం. పంపకం బాగానే జరిగింది, ఒకరి డౌన్‌లోడ్ ఇంకొకరి మీద పడటం ఆగింది. కాని కాల్స్ పూర్తిగా బాగుపడలేదు. లోపం రెండు అంకెల్లో ఉంది.

పీసీక్యూ ఒక్కో చిరునామాకి 50 కిబీల (కిబీ అంటే 1024 బైట్లు) చిన్న వరుస ఇస్తుంది. 2 ఎంబీపీఎస్ దగ్గర 50 కిబీలు ఖాళీ కావడానికి 205 మి.సె. ఒకే మనిషి సినిమా దించుతూ కాల్ మాట్లాడితే తన కాల్ తన డౌన్‌లోడ్ వెనకే నిలబడుతుంది. రెండోది, మొత్తం పరిమితి 2000 కిబీలు. 50తో భాగిస్తే 40 వరుసలు నిండేసరికి అయిపోతుంది. మన దగ్గర 104 పరికరాలు. పరిమితి పెంచితే ఆలస్యం, పెంచకపోతే ప్యాకెట్ల నష్టం.

మూడోది, నిలిచింది: కేక్. ఇది ముందు పరికరాల (చిరునామాల) మధ్య సమంగా పంచి, తర్వాత ఒక్కో పరికరం కనెక్షన్ల మధ్య పంచుతుంది, వరుస పెరగకుండా కావాలనే ముందే ప్యాకెట్ పడేస్తుంది.

1. క్యూస్ → క్యూ టైప్స్: ‘కేక్-డౌన్’, ఫ్లో మోడ్ డ్యూయల్-డెస్టినేషన్-హోస్ట్.
2. ‘కేక్-అప్’, ఫ్లో మోడ్ డ్యూయల్-సోర్స్-హోస్ట్.
3. రెండింటిలో న్యాట్ ఆన్. బ్యాండ్‌విడ్త్ గడి సున్నాగానే వదలాలి, హద్దు సింపుల్ క్యూ మ్యాక్స్ లిమిట్ నుంచే రావాలి.
4. సింపుల్ క్యూలో అప్‌లోడ్‌కి కేక్-అప్, డౌన్‌లోడ్‌కి కేక్-డౌన్.

హద్దు ఎంత పెట్టాలో ఊహించనక్కర్లేదు, దింపుకుంటూ కొలవాలి. మధ్యాహ్నం, డౌన్‌లోడ్ నిండినప్పుడు:

- 98 ఎం: 150 మి.సె.
- 95 ఎం: 38
- 92 ఎం: 15
- 90 ఎం: 14

92 దగ్గర ఆగాం. ఇంకా రెండు ఎంబీపీఎస్ వదులుకుంటే దక్కేది ఒక మి.సె., బేరం గిట్టదు. ప్రొఫైల్ టూల్‌లో (ప్రాసెసర్ భారం చూపించేది), రెండు వైపులా నిండినప్పుడు ఒక కోర్ 65 శాతం దాకా ఎక్కింది. లైను 300కి మార్చే ఆలోచన ఉంటే ఈ పెట్టెతో కేక్ నడపాలని చూడొద్దు.

సింపుల్ క్యూలని టెర్మినల్ నుంచి రాసేవాళ్లకి ఒక మాట: మ్యాక్స్ లిమిట్‌లో ముందు అంకె అప్‌లోడ్, తర్వాతది డౌన్‌లోడ్. 92/92 ఉన్నంతకాలం తిరగరాసినా తెలియదు, అంకెలు వేరైన రోజు బయటపడుతుంది.

లెక్క: 6 / 15 / 17. వేగం 91/91.

కౌంటర్ల తేడా

అంకెలు బాగున్నా ఒక రాత్రి పీపీపీఓఈ ఇంటర్‌ఫేస్ కౌంటర్ 40 జీబీ చూపిస్తే క్యూ కౌంటర్ 23 దగ్గరే ఉంది. మిగతా 17 జీబీ ఐపీవీ6, అంటే కొత్త తరహా చిరునామాల ట్రాఫిక్. టార్గెట్‌లో రాసింది ఐపీవీ4 పరిధి మాత్రమే కాబట్టి ఫోన్లలో వీడియోలో పెద్ద భాగం క్యూ బయట నుంచే పోతోంది. ల్యాప్‌టాప్ పరీక్షలో కనపడలేదు, అది ఐపీవీ4 మీదే డౌన్‌లోడ్ చేసింది.

సవరణ: టార్గెట్‌లో చిరునామా బదులు బ్రిడ్జ్ ఇంటర్‌ఫేస్, డీఎస్‌టీ (గమ్యం) గడిలో పీపీపీఓఈ-అవుట్1. రెండు కౌంటర్లు దగ్గర దగ్గరగా కలిశాయి. ఒక లొసుగు మిగిలే ఉంది: ఒకే ఫోన్‌కి ఐపీవీ4 ఒకటి, ఐపీవీ6 రెండు మూడు ఉంటే కేక్ వాటిని వేరు వేరు పరికరాలుగా లెక్కేస్తుంది. అందరి ఫోన్లూ దాదాపు ఒకేలా ఉన్నాయి కనుక వదిలేశాం.

రౌటర్‌ఓఎస్ 6 నుంచి అప్‌గ్రేడ్ చేసిన పెట్టె అయితే ఐపీవీ6 ఫైర్‌వాల్ ఖాళీగా ఉండొచ్చు. బయట నుంచి వచ్చే కొత్త కనెక్షన్లని ఫార్వర్డ్‌లో ఆపే రూల్ ఉందో లేదో ఇదే సమయంలో చూసేయాలి.

దశ 5: రికార్డర్, ఆఫీసు, రాత్రి వేళ

రికార్డర్ క్లౌడ్‌కి పంపే వీడియోకి విడి క్యూ పైన పెడితే తప్పు. సింపుల్ క్యూలు పై నుంచి కిందికి, మొదట తగిలినదే పని చేస్తుంది. విడిగా 4 ఎం పెడితే మొత్తం 92 + 4 = 96 అవుతుంది, వరుస మళ్లీ బయటికి జారుతుంది. అందుకని ఒక తల్లి క్యూ, దాని కింద పిల్లలు. కేక్ పిల్లలకే పెట్టాలి. పిల్లలున్న తల్లి క్యూలో ప్యాకెట్లు నిలవవు.

పంపకం, హామీ / గరిష్ఠం, ఎంబీపీఎస్‌లో:

- రికార్డర్: 2 / 4. మొత్తం హామీ 2
- ఆఫీసు గది: 5 / 30. మొత్తం 7
- మిగతా బ్రిడ్జ్ అంతా, అన్నిటికంటే కింద: 80 / 92. మొత్తం 87

హామీల మొత్తం తల్లి గరిష్ఠాన్ని దాటకూడదు. రాత్రి 78కి దింపితే 87 దాటుతుంది కాబట్టి మూడోదాన్ని 80 నుంచి 65కి తగ్గించాం, మొత్తం 72.

రాత్రి దింపుడు ఎందుకంటే, తొమ్మిది తర్వాత లైనే 83 ఇస్తోంది. 92 హద్దు ఆ వేళకి హద్దే కాదు. షెడ్యూలర్లో ‘20:00కి 78, 23:30కి 92’ అని రెండు ఎంట్రీలు పెడితే, ఎనిమిదికి కరెంటు లేని రోజు మొదటిది తప్పిపోతుంది, ఆ రాత్రంతా 92తోనే నడుస్తుంది. స్టార్టప్ స్క్రిప్ట్ కూడా నమ్మదగ్గది కాదు, గడియారం సరికాకముందే నడిచేస్తుంది. నిలిచిన పద్ధతి:

1. ప్రతి 5 నిమిషాలకి ఒకే స్క్రిప్ట్.
2. ఎన్‌టీపీ స్థితి సింక్రనైజ్డ్ కాకపోతే ఏమీ చేయకుండా బయటికి.
3. గంట చూసి కావలసిన హద్దు తేల్చుకోవడం: (అప్‌లోడ్/డౌన్‌లోడ్) రాత్రి 92/78, పగలు 92/92.
4. ఇప్పుడున్న హద్దు అదే అయితే ముట్టుకోకపోవడం, వేరైతేనే మార్చడం.

కరెంటు సంగతికి: హెక్స్ 8 నుంచి 30 వోల్టుల దాకా తీసుకుంటుంది కాబట్టి, ఫైబర్ డబ్బా కూడా 12 వోల్టులదైతే, రెండింటికీ ఒక 12 వోల్టుల మినీ యూపీఎస్ చాలు. డబ్బా లేబుల్ మీద వోల్టులు, ఆంపియర్లు చూశాకే కలపండి.

లెక్క, రాత్రి తొమ్మిదిన్నరకి: ఖాళీగా 7, డౌన్‌లోడ్ నిండినప్పుడు 18, అప్‌లోడ్ 19. వేగం 77/91.

దశ 6: తలుపులు

ఐపీ → సర్వీసెస్‌లో టెల్‌నెట్, ఎఫ్‌టీపీ, వెబ్, ఏపీఐ, ఏపీఐ-ఎస్ఎస్ఎల్ ఆపేశాం. విన్‌బాక్స్ ఆఫీసు కంప్యూటర్ చిరునామా నుంచి మాత్రమే. కొత్త పేరుతో యూజర్, పాత అడ్మిన్ తీసివేత. ఎక్స్‌పోర్ట్ ఒక టెక్స్ట్ ఫైలు, బ్యాకప్ ఒక బైనరీ ఫైలు, రెండూ రౌటర్ బయట. బైనరీ అదే పెట్టెకి తిరిగి ఎక్కించడానికి. పెట్టె కాలిపోతే కొత్తదానికి పనికొచ్చేది టెక్స్ట్ ఫైలే.

దశ 7: వైఫై, ఇంకా సాగుతోంది

వైరు మీద 18 వచ్చే వేళకి మూడో అంతస్తు చివరి గదుల్లో ఫోన్ మీద 90 నుంచి 140 వస్తోంది. క్యూకి ఇందులో ప్రమేయం లేదు, ఇది గాలిలో జరిగే ఆలస్యం. మూడు పెట్టెలూ 2.4 గిగాహెర్ట్జ్‌లో 40 మెగాహెర్ట్జ్ వెడల్పుతో, ఆటో ఛానెల్‌లో ఉన్నాయి. 20కి తగ్గించి అంతస్తుకొకటిగా 1, 6, 11 పెట్టాక 60 నుంచి 85 మధ్యకి దిగింది. చివరి గదులకి వైరు లాగి నాలుగో పెట్టె పెట్టాలి. నడవాలో కేబుల్ 32 మీటర్లు కొలిచాం, గొట్టం వేయాల్సి ఉంది.